పసుపు వరస, తెలుపు వరస

అక్టోబరు 7

తొమ్మిదో ప్లాస్టిక్ చెట్టు కూడా వాపసు వచ్చింది. అన్నీ ఆరడుగులవే. ఇక్కడి ప్యారిస్ బజారులో మన సరుకు ఎత్తే శెట్టిగారు మురళికి ఫోను చేసి నవ్వాడట. "మీ క్రిస్మస్ చెట్టుకు నెలలు నిండినట్టుందబ్బాయ్. కింద నడుము సన్నం, పైన కడుపు." మురళి అది నాకు చెప్తూ తనూ నవ్వాడు. కన్న కొడుకుకు తన షెడ్డు సరుకు మీద నవ్వెలా వస్తుందో.

విప్పించి కొమ్మలు లెక్కపెట్టాను. నలభై నాలుగు. ఉండాల్సినవి నలభై నాలుగు. లెక్క సరి. అయితే తప్పు పొడవులో. పొడవు కోసేది కనక.

అక్టోబరు 8

కనకను మాన్పించాను. పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న మనిషి అయినా తప్పు తప్పే.

"నేను సరిగ్గానే కోసినానమ్మా" — ఆ ఒక్క మాటే. టేపు తెప్పించాను. ఇరవై అంగుళాలు ఎక్కడో చూపించు అన్నాను. చూపించింది. పద్నాలుగు? చూపించింది. పైకి చదువు అన్నాను. షెడ్డులో పనిచేసే సెల్వి, ఇంకో ఆమె, కొమ్మలకు కుచ్చులు చుట్టడం ఆపి చూస్తున్నారు. ఒకటి నుంచి ఇరవై దాకా చదివింది. చదివి, టేపు మడిచి, బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకొని వెళ్ళింది.

రిజిస్టరులో 'తప్పు ఎవరిది' గడిలో ఆమె పేరు రాశాను. తొమ్మిది చెట్లకూ.

అక్టోబరు 11

చెట్టుతో పాటు పెట్టే కాగితం మళ్ళీ రాశాను. కొనేవాళ్ళకే అర్థం కాక తారుమారు చేస్తున్నారేమో అని మురళి అనుమానం. అర్థం కాకపోవడానికి ఏముంది. కింది నుంచి ఏడు వరసలు: ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ, తెలుపు, నారింజ, నలుపు. నిలువు గొట్టానికి ఆ రంగుల రింగులు. కొమ్మ కొక్కేనికి ఏ రంగు ఉంటే ఆ రంగు రింగు బెజ్జంలో తగిలించాలి. వరసకు కొమ్మలు ఎనిమిది, ఎనిమిది, ఏడు, ఆరు, ఆరు, అయిదు, నాలుగు. పోయిన మా ఆయన గీసిన లెక్క. పైకి పోయే కొద్దీ కొమ్మ పొట్టి. ఇన్నేళ్ళలో ఒక్క అంగుళం మార్చలేదు.

మనవరాలు ప్రణతి టైపు చేసింది. రెండు తప్పులు. దిద్దించాను.

అక్టోబరు 14

కనక లేక రంగు బల్ల చిందరవందర. పొద్దున్నే ఏడు డబ్బాలూ ఎడమ నుంచి కుడికి పేర్చేది తనే. నేను వచ్చి కూర్చుని కొక్కేలు ముంచడమే. ఇప్పుడు నేనే అలమర నుంచి దించుకోవాలి. ప్రతి డబ్బా పిడికీ ఒక మురికి దారం, ముడులు వేసి. ఇదేమిటని ఒకప్పుడు అడిగితే "జారకుండా పట్టుకొనేదానికిలేమ్మా" అంది. శుభ్రం తెలియని మనిషి.

అక్టోబరు 17

పదో చెట్టు వచ్చింది. గడిలో కనక పేరు.

అక్టోబరు 22

పదకొండోది. గడిలో కనక పేరు. ఈసారి కొన్నామె చీటీ పెట్టి పంపింది. అన్నానగర్ టీచరట, చక్కటి దస్తూరీ. 'తెల్ల కొమ్మ ఒకటి మిగిలింది. పసుపు రింగులో ఒక బెజ్జం ఖాళీ. లెక్క చూసుకోగలరు.'

లెక్క చూసుకోగలరు. నాకు.

భోజనానికి లేవలేదు. కాగితం మీద వేసి చూశాను. పసుపు వరసకు ఏడు కొమ్మలు, ఇరవై అంగుళాలవి. తెలుపు వరసకు ఆరు, పద్నాలుగు అంగుళాలవి. కోత తప్పితే కొమ్మ పొట్టిదో పొడుగుదో అవుతుంది, మిగలదు. ఏడు కొమ్మల కట్టకు తెలుపు, ఆరు కొమ్మల కట్టకు పసుపు వేస్తేనే ఒకటి మిగిలి, ఒక బెజ్జం ఖాళీ ఉంటుంది.

రంగు వేసేది నేను.

బి.ఏ. గణితం. నలభై నాలుగు అని కూడి ఊరుకున్నాను. విడివిడిగా చూడలేదు.

అక్టోబరు 23

ప్రణతి కాలేజీకి వెళ్ళే ముందు షెడ్డుకు తీసుకెళ్ళాను. డబ్బాల మూతలు తీసి — పరీక్ష అన్నట్టు — వరసగా రంగులు చెప్పమన్నాను. నవ్వుతూ మొదలు పెట్టింది. నేను తెలుపు అనుకున్న డబ్బా దగ్గరికి వచ్చి "మంజ" అంది.

"తెలుగులో చెప్పు."

"పసుపు, అవ్వా."

పక్కది?

"తెలుపు. ఎందుకవ్వా, ఆట్లాడతాండావా?"

నాకు రెండూ ఒకటే. తెల్లగుడ్డ మీద పాత సాంబారు మరక రంగు. రెండూ.

బస్సు తప్పిపోతుంది, వెళ్ళు అన్నాను. వెళ్ళలేదు. నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. కోప్పడి పంపాను.

తర్వాత డబ్బాలు చేతుల్లోకి తీసుకున్నాను. పసుపు అని ప్రణతి చెప్పినదాని దారానికి మూడు ముడులు. తెలుపుకు అయిదు. ఎరుపుకు ఒకటి. నలుపుకు ఏడు. వరస నంబర్లు.

పట్టుకొనేదానికిలేమ్మా.

అక్టోబరు 24

రిజిస్టరు తీశాను. వాపసు వచ్చిన పదకొండు చెట్ల చీటీల మీద తేదీలు చూశాను. ఆగస్టులో వరసగా మూడు రోజులు. ఆ మూడు రోజుల ఎదురుగా నా చేతి రాతే: 'కనక సెలవు. కూతురికి జ్వరం.' డబ్బాలు పేర్చే మనిషి లేని మూడు రోజులు. ఆ రోజుల్లో రంగు వేసినవి ముప్పై ఒకటి. ఇంకా ఇరవై ఎవరి ఇళ్ళలోనో అట్టపెట్టెల్లో ఉన్నాయి. డిసెంబరులో విప్పుతారు.

కనకను పంపాక నేను వేసినవి షెడ్డులోనే ఉన్నాయి, ఇరవై ఆరు. ప్రణతి సాయంత్రం వచ్చి చూసింది. పద్నాలుగు తప్పు. థిన్నర్‌తో తుడిచింది.

అక్టోబరు 28

కళ్ళ డాక్టరు. రెండింటికీ పొర, బాగా ముదిరింది. వెనక తెర కూడా చెడిందట, చక్కెర జబ్బు వల్ల. పొర తీస్తే వెలుతురు పెరుగుతుంది, రంగుల సంగతి చెప్పలేను అన్నాడు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. "మీకే తెలియాలమ్మా" అన్నాడు.

నాకు తెలియలేదు. కనకకు తెలిసింది. దారాలు ఎప్పుడు కట్టిందో గుర్తు తెచ్చుకుంటే రెండేళ్ళు దాటింది.

నవంబరు 1

మురళికి చెప్పాను. అన్నం ముందు కూర్చున్నాడు. చెయ్యి ఆగలేదు.

"సరిమా. ఇప్పుడేం చేయమంటావు?"

కనకను పిలవాలి. శెట్టికి ఫోను చేసి తప్పు ఆమెది కాదని చెప్పాలి అన్నాను.

"చెప్తే? షెడ్డులో రంగు వేసేది కళ్ళు కనపడని ముసలమ్మ అని ప్యారిస్ అంతా చెప్పుకుంటారు. సీజను అయ్యేదాకా నోరెత్తొద్దు. సెల్వి వాళ్ళకు కూడా."

మాధవరంలో చెట్లు కట్టేవాళ్ళు ఇంకో ఇద్దరున్నారు. కనక వాళ్ళ దగ్గరికి పోయిందట. కోత రాదని తీసేశారంట గదా అన్నారట. ఆ మాట ఎవరు చేరవేశారు అని అడిగాను.

"శెట్టి అడిగినాడు, చెప్పినా. ఆ పొద్దు అది నిజమే గదా మా."

ఆ రోజుకు నిజం. నేను రాసిన నిజం.

వచ్చే ఏడు నుంచి కొమ్మలు గొట్టానికే అతికించి వస్తాయట, గొడుగులా విప్పితే చాలు. బయటి సరుకు. రంగు అక్కర్లేదు, కొక్కెం అక్కర్లేదు. "ఆ ముడులు ఉండాయి గదా, వాటితో ఈ సీజను నెట్టెయ్" అని చెయ్యి కడుక్కున్నాడు.

నవంబరు 2

గడిలో కనక పేరు కొట్టేశాను, పదకొండు చోట్ల. నా పేరు రాశాను. నా పుస్తకంలో ఇవే మొదటి కొట్టివేతలు.

ఆ పుస్తకం నేను తప్ప ఎవరూ తెరవరు.

నవంబరు 6

కనక ఉండే మనలి వెళ్ళాను. బస్సు దిగి ఆటో. గాలిలో ఆ పెట్రోలు ఫ్యాక్టరీల వాసన. రెండో అంతస్తు, మెట్లు నిట్టనిలువు. చుట్టాలెవరో పోయినప్పుడు తప్ప ఇలా ఎవరింటికీ చెప్పకుండా పోలేదు.

కనక అప్పుడే పని నుంచి వచ్చింది. కుర్చీ తుడిచి వేసింది. నీళ్ళు ఇచ్చింది. ఏదో క్యాంటీన్‌లో కూరలు తరుగుతోందట.

"బాగానే ఉంటాదమ్మా. ఆడ బీన్స్ కొలిచి కోయక్కర్లే."

నేను నవ్వాలని అందేమో. నవ్వలేకపోయాను.

తప్పు నాది, నా కళ్ళది అని చెప్పాను. తల ఊపింది. తెలిసిన సంగతే మళ్ళీ విన్నట్టు.

"అప్పుడే చెప్పొచ్చు గదా కనకా."

"ఎవురికమ్మా? మురళి ముందరా? మీకు కళ్ళు లేవని తెలిస్తే మిమ్మల్ని ఇంట్లో కూర్చోబెట్టేస్తాడు. ఇంట్లో మీరు ఎవురి మింద అరుస్తారు?"

"మరి నీ పేరు?"

"నా పేరు ఆ పుస్తకంలో రాసేది మీరే గదమ్మా."

మళ్ళీ పనికి రమ్మన్నాను. కొంగు అంచు మడుస్తూ అంది.

"కోపం లేదమ్మా. మీరు కోప్పడితే నాకేం కొత్త గాదు. ఆ టేపు ఉండాది చూడండి... ఒకటో క్లాసు పిల్ల మాదిరి ఆ ఇద్దరి ముందర చదివించినారు. ఆ బల్ల కాడ ఇంక కూర్చోలేను."

క్షమించమని అడగడం నాకు చేతకాదు. డెబ్బై మూడేళ్ళలో ఎవరినీ అడగలేదు. ఈరోజు అడిగాను. "పెద్దోళ్ళు, అట్లా అనకూడదు" అని లేచి కాఫీ పెట్టింది. అది జవాబు కాదు.

దిగేటప్పుడు మెట్టు మెట్టుకూ చేయి పట్టుకొని దించింది. ఒక్కొక్క మెట్టూ లెక్క చెప్తూ. ఎప్పటి నుంచో అలవాటైనట్టు.

నవంబరు 12

మురళి లేనప్పుడు శెట్టిగారికి నేనే ఫోను చేశాను. కోత తప్పు కాదు, రంగు తప్పు, రంగు వేసింది నేను, కనక పనిలో లోపం లేదు, ఆ మాట మీరు మాధవరం వాళ్ళకు కూడా చెప్పాలి. వరసగా, రాసి పెట్టుకొని చదివాను.

అటు నుంచి నవ్వు.

"మీరా తప్పు చేసేది? ఊరుకోండమ్మా. మీ అయ్యగారి కాలం నుంచి చూస్తాండా, ఒక కొమ్మ ఎక్కువ పోలేదు, ఒకటి తక్కువ రాలేదు. పాపం, పాత మనిషి గదా అని కాపాడతాండారు. మీ మంచితనం నాకు తెలీదా?"

కాదు, నిజంగా నేనే అన్నాను. రెండుసార్లు.

"సరే సరే. మీరు చెప్పినారు, నేను ఇన్నాను" అని పెట్టేశాడు.

ఇన్నేళ్ళు తప్పు లేకుండా రాసినందుకు ఇది.

నవంబరు 13

అదే సంగతి కార్డుల మీద రాసి పోస్టులో వేశాను, శెట్టికి, మాధవరం ఇద్దరికీ.

నవంబరు 18

కార్డు చూసి మాధవరం ఆయన మురళికి ఫోను చేశాడట. "మీ అమ్మకు ఒంట్లో ఎట్లా ఉంది? ఒకతూరి డాక్టరుకు చూపించు." మురళి ఇంట్లో నాతో మాట్లాడటం లేదు.

నవంబరు 20

వాన. పన్నెండు చెట్ల ఆర్డరు, చింతాద్రిపేట చర్చికి. ఈ ఏడు ఇదే చివరిది. ఆయన గీసిన లెక్కతో కట్టేవి కూడా ఇవే చివరివి. ముడులు తడుముకుంటూ నాలుగు పూర్తి చేశాను. ప్రణతి చూసి సరి అంది. రేపటి నుంచి నాలుగు రోజులు కోయంబత్తూరులో కాలేజీ పోటీలకు పోతోంది.

నవంబరు 21

షెడ్డుకు వెళ్ళేసరికి బల్ల తళతళ. సెల్వి డబ్బాలన్నీ థిన్నర్‌తో తుడిచి పెట్టింది. దారాలు లేవు.

దారాలేం చేశావు అన్నాను.

"మురికి కయిరమ్మా. మీకు నచ్చదు గదా. కత్తిరించి పారేసినా."

నిజమే. నాకు నచ్చదు. అందరికీ తెలిసిన విషయం.

తిట్టలేదు. ఎందుకు తిట్టాలో దానికి చెప్పకూడదు.

నవంబరు 22

కనకకు ఫోను చేశాను. కూతురు తీసింది. "అమ్మ డ్యూటీలో ఉండాది అవ్వా. ఏమని చెప్పేది?"

డబ్బాల గురించి అడగాలి. ఒక్కసారి వచ్చి ముడులు కట్టి పో అనాలి. పేరు చెడగొట్టి పంపిన మనిషిని.

ఏం లేదని చెప్పమ్మా అన్నాను.

నవంబరు 23

వాన ఆగలేదు. సెల్వి వాళ్ళు రాలేదు. రేపు చర్చివాళ్ళు బండి పంపుతారు. మిగిలిన ఎనిమిది చెట్లూ అయ్యాయి, పసుపూ తెలుపూ తప్ప. మిగతా అయిదు రంగులు ఎలాగో పోల్చుకోగలను.

కొమ్మల్లో సందేహం లేదు. పొడుగు కట్ట, ఏడు, పసుపుకు. పొట్టి కట్ట, ఆరు, తెలుపుకు. రెండుసార్లు లెక్కపెట్టాను. డబ్బాలు రెండూ ఎదురుగా పెట్టి మూతలు తీశాను. వాసన ఒకటే. బరువు ఒకటే. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను, వాన వెలుతురులో ఇంకా ఒకటే.

వీధిలో ఎవరినైనా పిలిచి అడగొచ్చు. ఇది ఏ రంగు బాబూ అని. రెండుసార్లు తలుపు దాకా వెళ్ళి వచ్చాను.

రిజిస్టరు తెరిచి పెట్టాను. తేదీ రాశాను. చెట్టు నంబరు రాశాను. 'తప్పు ఎవరిది' గడిలో ముందుగానే నా పేరు రాశాను.

ఏడు కొమ్మల కట్ట చేతిలో ఉంది. ఎడమ డబ్బానా, కుడి డబ్బానా...