నీ పేరు మీద నూడుల్స్ పార్సిల్

లలితా,

ఎలా ఉన్నావని అడగడానికి లేదు. నువ్వు వెళ్లి ఎనిమిది నెలలైంది. నేను బాగానే ఉన్నా. పొద్దున్నే కొట్టు తీస్తున్నా, స్టీలు సామాన్లు అమ్ముతున్నా. జగ్గయ్యపేట ఎండలు మామూలే. ఖమ్మం వచ్చి తనతో ఉండమని అమ్మాయి పోరుతోంది. పెళ్లిళ్ల సీజను అయ్యాక చూద్దాంలే అంటున్నా...

నీకో సంగతి చెప్పాలి. నందిగామ నూడుల్స్ కొట్టు సంగతి.

గుర్తుందా? బెజవాడలో నీకు కీమో ఎక్కించుకుని తిరిగొస్తున్నాం. అప్పటికి ఏం పెట్టినా మట్టి తిన్నట్టుందని పళ్లెం తోసేసేదానివి. ఆ రోజు బస్సు నందిగామ బస్టాండులో ఆగి ఎంతకీ కదల్లేదు. ఎదురు సందులోంచి మిరపకాయల ఘాటు కొట్టింది. బస్సులో అందరూ దగ్గుతుంటే నువ్వు మాత్రం ముక్కు ఎగబీల్చి, "ఏవండీ, నాకు వాసన తెలుస్తోంది" అన్నావు. దిగిపోయాం.

నాలుగు బల్లలు, ఎర్ర కాగితం లాంతర్లు, వాకిట్లో మంట మీద బాణలి ఎగరేస్తూ ఒకతను. అతని భార్య మంగ ప్లేటు తెచ్చి పెట్టింది. ఎర్రగా నిగనిగలాడుతున్న నూడుల్స్... మనింట్లో ఎప్పుడూ వండనిది. నువ్వు ఫోర్కు పక్కన పెట్టి చేత్తోనే తిన్నావు. కళ్లమ్మట నీళ్లు కారుతున్నా ఆపలేదు. ఆ కారం ఎక్కడిదో మంగని అడిగి తెలుసుకుని, "పేరు చైనాదేనండి, మిరపకాయలు మాత్రం మన చందర్లపాడువి" అని నవ్వావు. ఎన్నాళ్లకి నవ్వావో...

నోరు పూయనంతవరకు, కళ్లముందు వేడిగా వండింది తింటే పర్లేదని డాక్టరుగారూ అన్నారు. ఇక ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా తిరుగు ప్రయాణంలో అక్కడ దిగేవాళ్లం. నేను టీ తాగుతూ ఎదురుగా కూర్చునేవాణ్ణి. ఒక్కసారైనా రుచి ఎందుకు చూళ్లేదు నేను?

నువ్వు పోయాక బెజవాడ వెళ్లడం మానేశా. సరుకు ఫోన్లోనే చెప్పి తెప్పించుకున్నా. వేసవి పెళ్లిళ్లకి తప్పనిసరై వెళ్లా. వచ్చేటప్పుడు పరిటాల ఆంజనేయస్వామి విగ్రహం కనపడగానే, నువ్వు చేతులు జోడిస్తావని పక్కకి తిరిగా. ఎవరో పెద్దాయన నిద్రపోతున్నాడు... నందిగామ రాగానే తెలీకుండానే దిగిపోయా.

మంగ నన్ను చూడగానే అమ్మగారు రాలేదేంటని అడిగింది. పోయిందని చెప్పాలి కదా? ఇంటిదగ్గరుందని చెప్పా. ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట... నేను అడక్కుండానే మంగ నీ కారంతో పార్సిల్ కట్టించి, చల్లారకముందే పెట్టమని నా చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చి, వంటింట్లో నిలబడి, మొత్తం తిన్నా. నోరు మండిపోయింది, ఎక్కిళ్లు పట్టుకున్నాయి. నీకోసం వండింది ఎలా పారేస్తా?

తర్వాతి వారం సరుకు పని లేకపోయినా వెళ్లా. ఆపై వారమూ వెళ్లా. జుట్టు మళ్లీ వస్తోందా, ఆకలి పుడుతోందా అని మంగ అడిగేది. వస్తోందనేవాణ్ణి. ఇదివరకటి కంటే నల్లగా వస్తోందని కూడా చెప్పా. మనూళ్లో అందరూ నన్ను చూసి గొంతు తగ్గించి మాట్లాడతారు. అక్కడ మాత్రం నీ గురించి మామూలుగా అడిగేవాళ్లు. అక్కడ నువ్వింకా బతికే ఉన్నావు లలితా. దానికి నేను వారానికో పార్సిల్ తింటే చాలు...

పోయిన నెల మంగకి ఏడో నెల వచ్చింది. "కడుపు పండితే నీకు గాజులు నేనే వేస్తా" అని ఆమెకి మాటిచ్చావట. నాకు తెలీదు. నేను బస్సు కనుక్కోడానికి వెళ్లినప్పుడు అన్నావేమో. ఆ పిల్లకి తల్లి లేదు. ఆదివారం జగ్గయ్యపేట వచ్చి నీ చేత్తో వేయించుకుంటానంది.

కడుపుతో ఉన్న పిల్లకి చావు కబురు ఎలా చెప్పను? చెప్పకపోతే ఆదివారం గుమ్మంలోకి వస్తుంది. ఎదురుగా గోడ మీద దండ వేసిన నీ ఫొటో... వాళ్లాయన్ని పిలిచి ఆమె పక్కన కూర్చోమన్నా. మెల్లగా చెప్పా. ఎప్పుడు పోయావో కూడా చెప్పా.

మంగ వెంటనే ఏడవలేదు. నా మొహం చూసి ఒకే మాట అడిగింది.

"మరి ఆ కారమంతా ఎవరు తిన్నారండి?"

నేనే తిన్నానమ్మా అన్నా. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చా, తినేవాళ్లంతా చూస్తుండగా. నీ పెద్దకర్మ రోజున కూడా రాని ఏడుపు...

ఆదివారం నేనే గాజులు పట్టుకెళ్లా. గాజుల కొట్లో సైజు అడిగితే తెల్లమొహం వేశా. చివరికి ఆకుపచ్చవి రెండు సైజులు తీసుకున్నా. భార్య పోయినవాణ్ణి, నా చేత్తో ఇవ్వచ్చో లేదో అని బల్ల మీద పెట్టి పక్కకి జరిగా. మంగ వాటిని తీసి నా చేతికే ఇచ్చింది. అమ్మగారి మాటగా మీరే వేయండని రెండు చేతులూ చాపింది. వేశా లలితా. ఒక్కటీ చిట్లకుండా వేశా.

వాళ్లాయన కారం బాగా తగ్గించి నాకో ప్లేటు వేసిచ్చాడు. అక్కడే కూర్చుని తిన్నా. బాగుంది. నీతో కలిసి తినాల్సింది కదా?

ఈసారి పార్సిల్ కట్టలేదు. బస్సెక్కి కూర్చుంటే ఒళ్లో ఏమీ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఇప్పుడు అక్కడ కూడా నువ్వు లేవు... నేనే చెప్పి వచ్చా.

అయినా వెళ్తా. మంగకి నెలలు నిండుతున్నాయి, కనుక్కునే పెద్దదిక్కు ఎవరున్నారు? అమ్మగారెలా ఉన్నారని ఇక ఎవరూ అడగరు. ఒక్క ప్లేటే చెప్పి కూర్చుంటా.

నీ
సత్యం