నువ్వు మట్టి ఎగదోసిన వరుసలు

బావకు,

ఇక్కడ అత్తయ్య, నేను, ఆవు ముగ్గురం కులాసాగానే ఉన్నాం. నువ్వూ కులాసా అని నీ ఉత్తరంలోని కోపం చూస్తేనే తెలిసింది. ఒంట్లో బాగోలేనివాడు అంత పొడుగు చీవాట్లు రాయలేడు. అత్తయ్య మోకాలి నొప్పి తగ్గింది. నువ్వు పంపిన తైలం వాసన మాత్రం ఇల్లంతా ఇంకా ఉంది.

కర్రపెండలం దిగుబడి సగానికి ఎందుకు పడిపోయిందని అడిగావు. లేత కొసలు నాటానా అన్నావు. లేదు, ముదురు కర్ర నడిమి ముక్కలే, కన్నులు పైకి ఉండేలా నాటాను. దగ్గర దగ్గరగా పెట్టానా అన్నావు. రెండు మొక్కల మధ్య నేను కూర్చుని కలుపు తీసేంత చోటుంది, నా ఒళ్లు నీకు తెలియనిది కాదు. ఆలస్యంగా తవ్వానా అన్నావు. పీచు పట్టకముందే తవ్వాం. ఉన్న కాసినీ ఉడకబెడితే వెన్నలా ఉన్నాయి.

"నీ హస్తవాసి మంచిది కాదు, చేను మా తమ్ముడికి అప్పగించి ఇక్కడికి వచ్చేయ్" అని రాశావు. అత్తయ్యకు చదివి వినిపించమన్నావు. వినిపించాను. ఆ రోజు నుంచి ఆవిడ నేను పెట్టిన కాకరపాదును కూడా అనుమానంగా చూస్తోంది.

పోయినసారి సెలవుకొచ్చినప్పుడు నువ్వు తెల్లారకముందే పార భుజాన వేసుకుని చేలోకి వెళ్లేవాడివి. ఎప్పుడూ పార ముట్టని మనిషి మొక్క మొక్కకూ మట్టి ఎగదోస్తుంటే మురిసిపోయాను. వచ్చేసరికి వేడినీళ్లు కాచి పెట్టేదాన్ని.

తవ్విన రోజు చూశాను. గట్టు పక్క వరుసల్లో మొక్క మొక్కకీ మొదట్లో కత్తిగాట్లు, ఎండి నల్లబడి ఉన్నాయి. లావు దుంపలన్నీ ఎప్పుడో కోసేసి, సన్నవి వదిలి, మట్టి కప్పేశారు. పైన ఆకు పచ్చగానే ఉంది. పందికొక్కు కత్తి పట్టదు కదా. గట్టు అవతలి చేను మరిదిదే కాబట్టి వాడినే నిలదీశాను.

"అన్నయ్యే తెచ్చిచ్చాడు వదినా. మీకు ఎక్కువైందన్నాడు. నా వాటితో కలిపి సగ్గుబియ్యం మిల్లుకి తోలేశాను" అన్నాడు. పాపం, వాడికేమీ తెలియదు.

కిందటేడు చేను వదిలి రానన్నానని ఇంత పని చేస్తావా? భార్యను రప్పించుకోవాలంటే ఇంకోసారి అడగాలి బావా. నా కష్టాన్ని నా వెనక కోసి, మళ్లీ నా చేతినే ఆడిపోసుకుంటావా? దొంగలు పట్టుకెళ్లినా ఇంత ఏడ్చేదాన్ని కాదు.

నీకు చెప్పని మాట ఒకటుంది. ఈ పంట బాగా పండించిందనిపించుకుని, చేను మరిదికి నేనే అప్పగించి, నీ దగ్గరికి వద్దామనుకున్నాను. రేకుపెట్టె కడిగి ఎండలో పెట్టాను కూడా. ఇప్పుడు అందులో ఆవుకి తవుడు పోశాను.

చేను మళ్లీ నాటేశాను. గట్టు పక్క కత్తిగాట్లున్న పాత మొక్క ఒక్కటి మాత్రం తవ్వకుండా వదిలాను. అత్తయ్యకు ఇంకా ఏమీ చెప్పలేదు. నువ్వే వచ్చి, ఆవిడ చూస్తుండగా, నీ చేత్తో దాన్ని పీకాలి.

ఇట్లు,
హస్తవాసి మంచిది కాని
నీ ఇల్లాలు