ఇద్దరు నల్లప్పలు

బుక్కరాయసముద్రం,
ఫిబ్రవరి 6.

నా ప్రాణమైన జాయక్కకు,

కాన్వెంటులో ఈ ఏడాదంతా నీకు ఫోన్ ఇవ్వరు గనక ఉత్తరం రాస్తున్నాను. సిస్టర్ కాబోతున్న నీకు ఈ గొడవ చెప్పకూడదేమో. కానీ నాలుగు రోజులుగా ఏ పని మీదా చేయి నిలవడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచానో తెలియదు.

మా శెనక్కాయల కంపెనీలో రైతుల బిల్లులు చూసి వాళ్ల ఖాతాల్లో డబ్బు వేసే పని నాదే కదా. పోయిన నెల బెళుగుప్ప నుంచి నల్లప్ప అనే పెద్దాయన కాయలు తోలాడు. లక్షా పదిహేడు వేలు రావాలి. ఆ రోజు నా ముందు నలభై బిల్లులున్నాయి. కంప్యూటర్లో నల్లప్ప అని కొడితే రెండు పేర్లు వచ్చాయి. తండ్రి పేరు చూడకుండా పైదాన్ని నొక్కేశాను. డబ్బంతా అదే మండలంలో ఇంకో ఊరి నల్లప్పకు పోయింది.

అప్పుడు నాకిదేమీ తెలియదు. పెద్దాయన వచ్చి "దుడ్లు పడలేదు పాపా" అంటే, "పడింది పెద్దనాయనా, బ్యాంకులో కనుక్కో" అని పంపేశాను. అలా నాలుగుసార్లు తిప్పానక్కా. నాలుగోసారి మా మేనేజర్ శ్రీరంగప్ప సార్ అందరి ముందూ, "ఏమప్పా, ఒకే బిల్లుకు రెండుసార్లు గుంజుదామని చూస్తాండావా?" అన్నాడు. పెద్దాయన తువ్వాలుతో ముఖం తుడుచుకొని వెళ్లిపోయాడు.

ఆయన పోయాక మనసు ఒప్పక పాత కాగితాలు తీశాను. డబ్బు వేసిన ఖాతా నంబరు ఇంకో నల్లప్పది. ఆ నిమిషమే సార్ దగ్గరికి పోవాల్సింది. పోలేదు. ఇంటి అద్దె గుర్తొచ్చింది, నాయన మందులు గుర్తొచ్చాయి. ఈ పని పోతే ఇంకోటి దొరికే ఊరా ఇది?

ఒక నిర్ణయానికి వచ్చాను. సోమవారం అమ్మ ఇచ్చిన గాజులు కుదువ పెట్టి, నేను దాచుకున్నది కలిపి, ఆయన ఖాతాలో వేసేస్తాను. కంపెనీ డబ్బే ఆలస్యంగా పడిందనుకుంటాడు. ఎవరికీ తెలియదు. ఇది తప్పు అని మాత్రం రాయకు.

నీ దగ్గర తప్ప నోరు తెరవలేని
సువార్త


బుక్కరాయసముద్రం,
ఫిబ్రవరి 14.

అక్కా, నా అక్కా,

నీ జవాబు అందకముందే అంతా అయిపోయింది.

సోమవారం గాజులు సంచిలో పెట్టుకొనే ఆఫీసుకు పోయాను. మధ్యాహ్నం అనుమతి అడిగి బయటపడదామనుకుంటుండగా పెద్దాయన వచ్చాడు. ఈసారి డబ్బు అడగలేదు. నా బల్ల దగ్గర నిలబడి మెల్లగా అన్నాడు:

"పాపా, నేనే దుడ్లు తీసుకొని యాడన్నా పెట్టి మర్చిపోయినానేమో. మా ఆడామె అదే అంటాండాది. తల చెడిందంట, ఆస్పత్రికి పిల్చుకపోతానంటాది. నాకైతే ఏమీ గ్యాపకం రాలేదు. చదువుకున్నదానివి, నువ్వన్నా చెప్పు. నాకు తల చెడిందా?"

నేను ఆ డబ్బు దొంగచాటుగా వేసి ఉంటే ఏమయ్యేదో అప్పుడు అర్థమైంది. మొదటినుంచీ ఖాతాలోనే ఉందని, తన కళ్లకే కనబడలేదని అనుకునేవాడు. తనకు నిజంగానే మతి పోయిందని నమ్మేవాడు. ఆయన చేయి పట్టుకొని సార్ గదిలోకి తీసుకుపోయాను. "తప్పు నాది సార్. వారం కిందే తెలిసింది, భయపడి దాచాను" అన్నాను.

సార్ లేచి అరిచాడు. "బుద్ధుండాదా నీకు? ఆ లక్ష ఎవరిస్తారు?" పెద్దాయనకు ఆ అరుపు వినబడినట్టే లేదు. "అయితే నా తల బాగుండాదా సారూ?" అన్నాడు. సార్ తన కుర్చీ పక్కకు ఇంకో కుర్చీ లాగి, "కూచో పెద్దాయనా" అన్నాడు. ఆ సాయంత్రమే కంపెనీ డబ్బు సరైన ఖాతాలో పడింది.

బుధవారం రెండో నల్లప్ప ఊరికి సార్‌తో వెళ్లాను. ఆయన దొంగ కాదక్కా. "బీమా దుడ్లు అనుకుంటిమి పాపా. అంతా పెట్టి బోరు ఏస్తిమి. ఏడునూర్ల అడుగులకూ దుమ్మే వచ్చె" అన్నాడు. రెండు పంటల్లో కాయలుగా తీరుస్తానన్నాడు. అప్పటిదాకా నా జీతంలో నెలకు రెండు వేలు పట్టుకుంటారు. ఒప్పుకున్నాను. ఇప్పుడు ప్రతి రైతుకూ ముందు ఫోన్ చేసి, తండ్రి పేరూ ఖాతా చివరి నాలుగంకెలూ అడిగాకే డబ్బు వేస్తున్నాను. పని సాగడం లేదని సార్ మొదట గొణిగాడు. నిన్న ఇద్దరు ఓబన్నలు బయటపడ్డాక, అందరూ ఇలాగే చేయాలని ఆయనే చెప్పాడు.

అదే బుధవారం తిరుగు దారిలో బెళుగుప్పలో దిగాను. "మా ఇంటికొచ్చి ఆ మాట మా ఆడామెతో చెప్పు పాపా, నేను చెప్తే నమ్మదు" అని పెద్దాయన సోమవారమే అడిగాడు. ఆయన భార్య మారెమ్మ గడపలో కూర్చొని చేటలో కందులు ఏరుతోంది. నేను నిలబడే అంతా చెప్పాను, ఆయన్ని నాలుగుసార్లు తిప్పిందీ, వారం దాచిందీ. తిడుతుందని చూశాను. ఆమె నా వైపు తలెత్తనే లేదు. చేట పక్కన పెట్టి, మొగుడి వైపు తిరిగింది.

"ఏమయ్యా, ఈ నెలంతా నాకు ఏం చెప్పాలని చూస్తాంటివో, మళ్లా చెప్పు. ఇప్పుడు వింటా."

ఆయన ఆమె పక్కన కూర్చొని, కాయలు బండికెత్తిన రోజు నుంచి మొదలుపెట్టాడు.

నీ చెల్లెలు
సువార్త