గొళ్ళేనికి తేనెపిట్ట గూడు

మగాంబా కొండ

రజబు అన్నయ్యకి మ్వనైదీ సలాములు.

క్షేమమే. కాకపోతే వీధి తలుపు తెరవడానికి లేదు. ఎర్ర రొమ్ము వాడొకడు పెళ్ళాంతో మన గుమ్మంలో కాపురం పెట్టాడు. ఇల్లు ఆవిడే కట్టుకుంది. ఆయనగారు పొద్దస్తమానం పాటలు!

నీ చెల్లెలు

తా.క. వంటింటి కిటికీలోంచి దిగుతున్నా. నిన్న సగంలో ఇరుక్కుంటే వడ్రంగి హీజా వచ్చి లాగాడు.

*

టాంగా రేవు

చెల్లెమ్మకి దీవెనలు.

ఎవడే వాడు? ఏ వంశం? మొగుడు పోయిన ఆడదని అలుసా? పెళ్ళాం చేత ఇల్లు కట్టించి తను పాడుకుంటాడా, సిగ్గులేనివాడు! ఊరిపెద్దకి చెప్పు. లేదా నేనే వచ్చి మెడపట్టి గెంటుతా.

మీ అన్నయ్య

తా.క. రొమ్ము కనబడటమేమిటి? చొక్కా తొడుక్కోడా?

*

మగాంబా

అన్నయ్యా, సలాం.

వాడి మెడకి నీ చిటికెనవేలు ఎక్కువ. తేనెపిట్టయ్యా! సముద్రపు గాలికి కొండ పిట్టల్నే మరిచావా? నాచునీ సాలెగూటి దారాన్నీ కలిపి గొళ్ళేనికి సంచీలా వేలాడదీసింది. తలుపు కదిపితే ఊడిపడుతుంది. లోపల రెండు గుడ్లు. మగవాడి తల ఎండలో పచ్చగా మెరుస్తుంది, నీడలోకి వెళ్తే నలుపు. అదెలాగని నాకూ హీజాకీ రోజూ వాదులాట.

మ్వనైదీ

తా.క. హీజా కిటికీ వెడల్పు చేశాడు. నన్ను లావన్లేదు, కిటికీయే ఇరుకన్నాడు.

*

టాంగా

చెల్లెమ్మా,

నవ్వలేక చచ్చాను. మీ వదినకీ చదివి వినిపించా, ముసిముసిగా నవ్వింది. తరమకు, ఉండనీ. ఇంట్లో ఓ మగగొంతు వినబడితే నీకూ తోడే. ఇంతకీ పిల్లలకి ఏం పెడతారు, తేనేనా?

అన్నయ్య

తా.క. పోతానంటే నా మాటగా ఆపు.

*

మగాంబా

అన్నయ్యకి వేయి సలాములు.

తేనె కాదు, సాలెపురుగులు! ముక్కున కరుచుకొచ్చి నోట్లో కుక్కారు. శుక్రవారం పిల్లలెగిరిపోయాయి. తలుపు తీశాం. హీజా పనిముట్లు సర్దుకుంటూ, "ఇంక రావడానికి సాకేముంది?" అన్నాడు. కళ్ళెత్తలేదు పాపం.

"సాకెందుకు?" అన్నాను.

నువ్వు ఉండనిమ్మన్నావు, పోతానంటే ఆపమన్నావు. ఆపాను. వచ్చే నెల నిఖా. పెద్దవాడివి, నువ్వే జరిపించాలి.

మ్వనైదీ

తా.క. ఇది వింటే వదిన గుండె మీద చెయ్యేసుకుని ఆశ్చర్యపోతుంది. నమ్మకు. నా పెళ్ళి బట్టలు పంపింది ఆవిడే.