రెండు డిగ్రీల గదిలో చెమటలు

సర్వీసు విభాగం అధికారి గారికి,

నమస్కారం. నేను ఈ యాపిల్ కోల్డ్ స్టోరేజీకి పర్యవేక్షకురాలిని. పదహారేళ్ళుగా ఇక్కడే పనిచేస్తున్నాను. మా నాలుగు గదుల్లోనూ ఉన్నవి మీ కంపెనీ యంత్రాలే. ఇన్నాళ్ళూ ఒక్క ఫిర్యాదు రాయలేదు కాబట్టి ఈ ఒక్కదాన్నీ కాస్త శ్రద్ధగా చదవమని కోరిక.

రెండో గది ఎప్పుడూ రెండు డిగ్రీల దగ్గర ఉండాలి. వారం రోజులుగా అది ఉన్నట్టుండి కొలిమిలా మారుతోంది. సోమవారం ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలకు మొదలై నాలుగు నిమిషాలు. మంగళవారం రెండుసార్లు. బుధవారం నేను స్వెటరు, దానిపైన కోటు, రెండూ విప్పి పెట్టెల మీద పడేశాను. ఆ వెంటనే మళ్ళీ ఎముకలు కొరికే చలి. యంత్రానికి ఇంత చపలచిత్తం పనికిరాదు. దయచేసి వెంటనే మనిషిని పంపండి.

ఇట్లు,
కోల్డ్ స్టోరేజీ పర్యవేక్షకురాలు

తా.క.: యాపిల్స్ మాత్రం ఇంకా బాగానే ఉన్నాయి. వాటి ఓర్పు మెచ్చుకోవాలి.

*

పర్యవేక్షకురాలి గారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది. వేళలు నిమిషాలతో సహా రాసి ఫిర్యాదు పంపిన కస్టమరును నా ఉద్యోగంలో ఇదే చూడటం. మామూలుగా మాకు వచ్చేవి "మిషను పోయింది, రండి" అన్న రెండు ముక్కలే.

మా మెకానిక్ మీ రెండో గదిలో మూడు గంటలు కూర్చున్నాడు. ఉష్ణోగ్రత రెండు డిగ్రీల నుంచి వెంట్రుకవాసి కదలలేదట. ముక్కు కారుతూ ఆఫీసుకు వచ్చాడు. అయినా మీ మాట మీద గౌరవంతో సెన్సరు మార్పించాం. ఇక ఇబ్బంది ఉండదు.

భవదీయ,
సర్వీసు విభాగం

తా.క.: మెకానిక్ రెండు రోజులు సెలవు పెట్టాడు. జలుబు.

*

సర్వీసు విభాగం అధికారి గారికి,

నమస్కారం. మీ మెకానిక్ ఉన్నంతసేపూ యంత్రం ఇన్‌స్పెక్టరు ముందు బడిపిల్లలా బుద్ధిగా ఉంది. ఆయన అలా గేటు దాటాడో లేదో, పదకొండూ నలభైకి మళ్ళీ మొదలు. మెడ దగ్గర పుట్టి తలపైకి పాకింది. గుండె దడదడలాడింది. నా కళ్ళజోడు మసకబారింది.

అంతకంటే ఘోరం, ఈ జబ్బు నాలుగో గదికి కూడా అంటుకుంది. నిన్న మధ్యాహ్నం అక్కడ లెక్క చూస్తుంటే అయిదు నిమిషాలు అదే సెగ. తర్వాత నా ఆఫీసు గదిలో. ఒక్క సెన్సరు మార్చి చేతులు దులుపుకుంటే కుదరదు. నాలుగు యంత్రాలూ విప్పి చూడాల్సిందే.

ఇట్లు,
పర్యవేక్షకురాలు

తా.క.: మెకానిక్‌కి జలుబు తగ్గిందా? ఈసారి మఫ్లరు తెచ్చుకోమనండి. లేదా నేను విప్పేసిన స్వెటరు ఇస్తాను.

*

పర్యవేక్షకురాలి గారికి,

నమస్కారం. నాలుగు యంత్రాలూ విప్పాం, బిగించాం. మీరు మొదట రాసిన సోమవారం నుంచీ ఉన్న ఉష్ణోగ్రత గ్రాఫు దీంతో జతపరుస్తున్నాను. గీత స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. మీరు రాసిన ప్రతి వేళ దగ్గరా ఎర్ర పెన్సిలుతో గుర్తుపెట్టి చూశాను. ఎక్కడా చిన్న గుట్ట కూడా లేదు.

మీరు అబద్ధం రాసే మనిషి కాదని మీ అక్షరమే చెబుతోంది. నా యంత్రమూ అబద్ధం చెప్పడం లేదు. అందుకని ఒక్క ప్రశ్న. ఆ వేడి వచ్చినప్పుడు అదే గదిలో ఉన్న మిగతావాళ్ళకు కూడా తెలిసిందా?

భవదీయ,
సర్వీసు విభాగం

*

అధికారి గారికి,

నమస్కారం. మీ ప్రశ్న చూసి కొంచెం మనసు చివుక్కుమంది. అయినా అడిగాను. పెట్టెలు మోసే ముగ్గురూ ఉన్ని టోపీల్లోంచి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన, "వేడా? కాలివేళ్ళు ఉన్నాయో లేవో తెలీడం లేదమ్మా" అన్నాడు. రెండోవాడు, "మేడమ్, మీరు రోజూ అడుగుతుంటే ఏమనాలో తెలీక ఔనంటున్నాం" అని నిజం ఒప్పుకున్నాడు. మూడోవాడు నవ్వు ఆపుకోలేక పెట్టె వెనక్కి వెళ్ళాడు. ముగ్గురూ మీ కంపెనీ పక్షం చేరారని నాకు అర్థమైంది.

నేను ఊరుకునేదాన్ని కాదు. పై అధికారులకు రాస్తాను.

ఇట్లు,
పర్యవేక్షకురాలు

తా.క.: నిన్న బ్యాంకులో వరసలో నిలబడి ఉండగా కూడా ఇదే వేడి వచ్చింది. ఆ బ్యాంకులో ఏసీ కూడా మీ కంపెనీదేనా?

*

గౌరవనీయులైన పర్యవేక్షకురాలి గారికి,

నమస్కారం. ఇది ఆఫీసు కాగితం మీద రాస్తున్న ఉత్తరం కాదు. ఇంటి దగ్గర కూర్చుని రాస్తున్నాను.

బ్యాంకులో ఏసీ మాది కాదు. మాదైనా, నాలుగు గదుల్లోని యంత్రాల లోపం మీ వెంట నడిచి బ్యాంకుకు రాదు. గదులు మారాయి, యంత్రాలు మారాయి, మారనిది ఒక్కటే: ప్రతిచోటా మీరున్నారు.

తప్పుగా అనుకోకండి. మీ వయసు నలభై అయిదుకూ యాభైకీ మధ్య అయివుంటే ఇది చదవండి. మా ఇంట్లో ఈ వేడి మూడేళ్ళు కాపురం చేసింది. మెడ దగ్గర పుట్టడం, మొహం కందిపోవడం, ఒళ్ళంతా చెమట పట్టి, మరుక్షణం వణుకు. నెలసరి పూర్తిగా ఆగిపోవడానికి కొన్నేళ్ళ ముందే, అది క్రమం తప్పడం మొదలైనప్పుడు, ఒంట్లో హార్మోన్లు ఎగుడుదిగుడవుతాయట. దానివల్ల చాలామందికి ఇలా అవుతుంది. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఎవరూ ముందుగా చెప్పకపోవడమే తప్పు.

మీ మేలు కోరే,
సర్వీసు విభాగం నుంచి ఒకరు

తా.క.: పై అధికారులకు రాయాలనుకుంటే తప్పకుండా రాయండి. వాళ్ళకు మాత్రం బ్యాంకు సంగతి చెప్పకండి.

*

అక్కయ్యగారికి,

నమస్కారాలు. ఇక "అధికారి గారికి" అని రాయలేను. ఆ గుండ్రటి అక్షరాలు, ఆ చెప్పిన తీరు చూసి మీరు ఆడమనిషేనని అర్థమై, ఉత్తరం పట్టుకుని పదినిమిషాలు నవ్వుతూనే ఉన్నాను, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా. నాకు నలభై ఏడు. నా మొద్దుబుర్రకి ఇది తట్టనేలేదు! యంత్రాల గురించి ఇంత తెలిసిన ఆడమనిషి ఇంకొకరు ఉన్నారని తెలిసి గర్వంగా కూడా ఉంది.

మీ పుణ్యమా అని ఇప్పుడు అన్నీ తేటతెల్లమయ్యాయి. రెండు నెలలుగా మేడ మీది రికార్డు గదికి ఎక్కితే సగం మెట్ల దగ్గరే ఆయాసం. ఒక్క పెట్టె జరిపితే గుండె దడ. మధ్యాహ్నానికి కాళ్ళు పీకేస్తాయి. నెలసరి ఇరవై రోజులకే వచ్చి తొమ్మిది రోజులు తిష్ట వేస్తోంది. అద్దంలో మొహం పాలిపోయి కనిపిస్తోంది. ఇవన్నీ ఏ రోగమోనని లోపల్లోపల భయపడ్డాను. అన్నీ వయసువేనన్నమాట! డాక్టరు దగ్గరికి వెళ్దామనుకున్నది మానేశాను.

మీ చెల్లెలు,
పర్యవేక్షకురాలు

తా.క.: సిగ్గు విడిచి అడుగుతున్నాను. ఇలాంటప్పుడు లోపలి బట్టలు నూలువి హాయిగా ఉంటాయా, సిల్కువా? మీరేం వేసుకునేవారు?

*

చెల్లెమ్మగారికి,

మీ ఉత్తరం చదివి గుండె గుభేలుమంది. దయచేసి డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానకండి. నేను చెప్పింది వేడి గురించి. మిగతావన్నీ అదే ఖాతాలో వేయమని చెప్పలేదు. చెప్పినట్టు అనిపిస్తే అది నా తప్పు.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. వేడి ఆవిర్లతో పాటు ఒకటే నీరసం, జుట్టు ఊడటం, ఒళ్ళు బరువెక్కడం, కళ్ళజోడు చేతిలో పెట్టుకుని ఇల్లంతా వెతకడం. ఇంట్లో ఒక మనిషి "ఈ వయసులో అంతే" అని తీర్పు చెప్పేశారు. ఎనిమిది నెలలు గడిచాయి. చివరికి వేరే పని మీద రక్తపరీక్ష చేయిస్తే థైరాయిడ్ మందగించిందని తేలింది. రోజుకో చిన్న మాత్రతో రెండు నెలల్లో మనిషి మనిషయింది. తీర్పు చెప్పిన వారికి ఆ రోజు నుంచీ మా ఇంట్లో కర్టెన్ల రంగు గురించి కూడా మాట్లాడే హక్కు లేదు.

మీకు నిమిషాల లెక్క రాయడం వచ్చు. ఈసారి యంత్రం గురించి కాదు, మీ గురించి రాయండి. ఏం వచ్చింది, ఎప్పుడు, అప్పుడేం చేస్తున్నారు, ఎంతసేపు ఉంది. పది రోజులు వద్దు, నాలుగు రోజులు చాలు. అది పట్టుకుని వెళ్ళండి. అంత రక్తస్రావం, ఆయాసం ఉన్నాక ఆలస్యం చేయకండి. మెట్ల మీద కళ్ళు తిరిగితే ఆ నాలుగు రోజులు కూడా ఆగకండి.

మీ మేలు కోరే,
సర్వీసు విభాగం

తా.క.: నూలువే. (ఇంట్లో విచారించి రాస్తున్నాను.)

*

అక్కయ్యగారికి,

నమస్కారాలు. మీరు చెప్పినట్టే నాలుగు గళ్ళు గీసి రాశాను. రాస్తున్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. వేడికి వేళాపాళా లేదు. కూర్చున్నా వస్తుంది, నిలబడ్డా వస్తుంది, నాలుగైదు నిమిషాల్లో పోతుంది. ఆయాసం అలా కాదు. మెట్లెక్కితేనో, బరువు ఎత్తితేనో తప్ప రాదు. రెండూ ఒక ఒంట్లో కాపురం ఉంటున్నాయి కానీ వాటికి ఒకదానితో ఒకటి మాటల్లేవు.

డాక్టరమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, "ఎవరు నేర్పారండీ ఇలా రాయడం? నేను అడగబోయేవి సగం ఇందులోనే ఉన్నాయి" అంది. కనురెప్ప కిందకి లాగి చూసింది. రక్తం, థైరాయిడ్, ఈసీజీ, స్కాను చేయించింది. థైరాయిడ్ బాగుంది. గుండె బాగుంది. రక్తం మాత్రం పన్నెండు ఉండాల్సింది ఏడున్నర ఉంది. "ఈ రక్తంతో మీరు పనిలోకి వెళ్తున్నారా?" అని ఆవిడ నన్ను చూసిన చూపు మరచిపోలేను. గర్భసంచిలో చిన్న గడ్డ ఉందట, ప్రమాదమైనది కాదట, రక్తం అంతగా పోవడానికి అదే కారణమట. దానికి మందు, ఐరన్‌కి మాత్రలు ఇచ్చింది. వేడి మాత్రం మీరన్నట్టు వయసుదేనట. "వేడి చూసి మిగతావి వదిలేయకపోవడం మంచిదైంది" అంది.

మీరు రాయకపోతే నేను వెళ్ళేదాన్ని కాదు. మనసారా చెబుతున్నాను. మా పెట్టెలు మోసే ముగ్గురికీ క్షమాపణ కూడా చెప్పాను. పెద్దాయన, "ఇప్పుడు మా ఇంటిదాన్ని కూడా తీసుకెళ్తానమ్మా" అన్నాడు.

మీ చెల్లెలు,
పర్యవేక్షకురాలు

తా.క.: నాలుగు గళ్ళ ఖాళీ కాగితాలు పది పంపుతున్నాను. మీ ఆఫీసులో ఆడవాళ్ళకు పంచండి. ఈ వయసు మగవాళ్ళకు ఇలాంటి బాధలు లేవు, అదృష్టవంతులు.

*

పర్యవేక్షకురాలి గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైనందుకు మన్నించండి. మీ అక్కయ్యగారు వారం రోజులుగా ఆస్పత్రిలో ఉన్నారు. ఇప్పుడు బాగానే ఉన్నారు. కంగారుపడకండి. కూర్చుని మిగతాది చదవండి.

మీ అక్కయ్యగారు మా ఆయన.

యంత్రాల సంగతులన్నీ ఆయనవే. ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు మాత్రం ఆయన తరఫున నేను నా చేత్తో రాసినవి. మీ బ్యాంకు సంగతి ఆయన అన్నం ముందు కూర్చుని చదివి వినిపించగానే నాకు అర్థమైపోయింది. మీరు అక్కయ్యా అన్న రోజున పాపం ఆయన, "నేను మగాణ్ణని చెప్పేద్దామే, పాపం తగులుతుంది" అని ఒకటే గొడవ. నేనే ఆపాను. మగవాడని తెలిస్తే మీరు మళ్ళీ "అధికారి గారికి" అని మొదలుపెట్టి ఒంట్లో సంగతి దాచేస్తారని నా భయం. మీ రక్తపరీక్ష అయ్యాక చెబుదామనుకున్నాం. ఆ లోపాయికారీ తప్పు నాది. ఆ "తీర్పు" చెప్పిన మనిషి ఎవరో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది.

మీరు పంపిన ఖాళీ కాగితాల్లో మొదటిది నేను ఆయన ముందే పెట్టాను. రెండు నెలలుగా మేడ మెట్లు ఎక్కి రొమ్ము రుద్దుకుంటూ కూర్చుంటున్నారు. అడిగితే ఒకసారి "గ్యాసు" అంటారు, ఒకసారి "యాభై ఆరేళ్ళకి అంతే కదా" అంటారు. "ఊరందరి చేతా కాగితం రాయించారు, మీరూ రాయండి" అన్నాను. మొహం మాడ్చుకుని రాశారు. మూడు రోజుల్లో ఏడుసార్లు. ఏడూ మెట్ల మీదే. ఏడూ కూర్చోగానే తగ్గాయి. ఏడో వరస నింపి పెన్ను కింద పెట్టి, ఆయనే నా వైపు చూశారు. "చెప్పులేసుకో" అన్నారు. అంతే. వాదన లేదు.

గుండెకు వెళ్ళే రక్తనాళం తొంభై శాతం మూసుకుపోయిందట. ఆ సాయంత్రమే స్టెంటు వేశారు. ఇంకొన్నాళ్ళు గ్యాసనుకుని ఉంటే ఏమయ్యేదో డాక్టరు గారు చెప్పారు. అది నేను ఇక్కడ రాయను. ఆ డాక్టరు గారే మా కాగితం తీసుకుని తన జూనియర్లకు చూపించారు. గళ్ళు గీసింది ఎవరని అడిగితే, "రెండు డిగ్రీల గదిలో పనిచేసే ఒక మహానుభావురాలు" అన్నారు మా ఆయన, మంచం మీద పడుకునే.

ఎనిమిది నెలలు నా నీరసాన్ని కొట్టిపారేసినందుకు ఆయన మీద నాకు ఏళ్ళ తరబడి కోపం ఉంది. ఆయన్ని స్ట్రెచరు మీద లోపలికి తీసుకెళ్తుంటే చూశాను, ఆ కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఒంట్లో బాగోలేనప్పుడు ఒప్పుకోవడానికి మనందరికీ ఎంత మొండితనం ఉందో! అది ముందుగా వదిలించుకున్న మనిషి మీరు. మీకు నా రెండు చేతుల నమస్కారం.

గురువారం ఇంటికి పంపిస్తామన్నారు. మీ ఐరన్ మాత్రలు మానకండి.

ఇట్లు,
మీ అక్కయ్యగారి భార్య

తా.క.: ఇకపై ఆయన్ని ఏమని పిలవాలా అని మీరు తల పట్టుకోవద్దు. నన్ను వదినా అని పిలవండి. ఆ లెక్కన ఆయన ఏమవుతారో అదే అవుతారు.