పసుపు వైరు తెంపొద్దన్నాను

రేగుంట

చిరంజీవి కృష్ణకాంత్‌కు అమ్మ దీవెనలు. ఇక్కడ నేను, మీ బాపు, బర్రె, దూడ అందరం కుశలమే. ఆ కొండల మీద డ్యూటీలో నువ్వు వేళకు తింటున్నావని, స్వెట్టరు విప్పి తిరగడం లేదని తలుస్తాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు. నాట్లు అయిపోయాయి. ప్రాణహిత నిండుగా పోతోంది కానీ మన పొలం దాకా రాలేదు. నా మోకాలి నొప్పి తగ్గింది. మందు అదే, నడక తగ్గింది. మీ బాపు బీపీ గోలీలు వేసుకుంటున్నాడు, నేను చేతిలో పెట్టి ఎదురుగా నిలబడితేనే.

ఇక నీ మోటార్‌సైకిల్ బండి సంగతి. "బాపు ఎలాగూ నడపడు, ఊరికే ఉంటే తుప్పు పడుతుంది, అజయ్‌కుమార్ అడుగుతున్నాడు, ఇచ్చేయండి" అని రాశావు. నీ దోస్తు మొన్న ఆదివారం వచ్చాడు. మీ బాపు తాళంచెవి కోసం ఇల్లంతా వెతికాడు. ఎక్కడా లేదు. చివరికి "రిమోట్ ఉండంగ తాళంచెవి ఏం జేస్తది?" అని, నువ్వు బిగించిన ఆ రిమోట్ పట్టుకుని అరుగు మీద పెళ్లికొడుకులా నిలబడి నొక్కాడు. బండి బుర్రుమంది. అజయ్‌కుమార్ మురిసిపోయి ఎక్కి, గేరు వేసి, నాలుగు గజాలు పోయి, కోడి అడ్డం వస్తే బ్రేకు తొక్కాడు. టప్పున ఇంజిన్ ఆగిపోయింది. మళ్లీ రిమోట్ నొక్కారు, మళ్లీ బ్రేకు తొక్కాడు, మళ్లీ అంతే.

"కాకా, వైరింగ్ ఏదో గడబడున్నది. బాగు చేపిచ్చినంక తీస్కపోత," అన్నాడు.

మీ బాపుకు తల కొట్టేసినట్టయింది. అప్పటికప్పుడు సిరోంచ బజారు నుంచి మెకానిక్ జంగును పిలిపించాడు. జంగు సీటు విప్పి, టెస్టు బల్బు పట్టుకుని కూర్చున్నాడు. బ్యాటరీ బాగానే ఉంది. ఎర్తు బాగానే ఉంది. బ్రేకు స్విచ్చి మార్చినా లాభం లేదు. "గింత పరేషాన్ జేసే డబ్బా నేనెన్నడు సూడలే," అంటూ రిమోట్ డబ్బాకు పోయే వైర్లు ఒక్కొక్కటే ఊడదీసి చూశాడు. బ్రేకు లైటు నుంచి వచ్చే పసుపు వైరు తీయగానే ఇంజిన్ ఆగడం మానేసింది.

"దొరికింది దొంగ! ఇగ దీన్ని తెంపేస్త," అని కట్టర్ అందుకున్నాడు.

చాయ్ గ్లాసులు గుమ్మంలోనే పెట్టేసి ఉరికాను. నువ్వు సెలవుల్లో ఎండలో కూర్చుని ఆ వైరు ఎంత శ్రద్ధగా కలిపావో చూశాను కదా. తాళం తిప్పకుండా ఎవడైనా బండి ఎత్తుకుపోతే, బ్రేకు తొక్కగానే ఆగిపోవాలనే కదా దాన్ని పెట్టావు!

"తెంపకు జంగన్నా! అది ఖరాబు కాలే," అని అరిచాను.

ఇక దాచి లాభం లేదు. కొంగుముడి విప్పి, తాళంచెవి తీసి, బండికి పెట్టి తిప్పాను. వైరు మళ్లీ కలపమన్నాను. బ్రేకు తొక్కాను. ఇంజిన్ హాయిగా నడుస్తూనే ఉంది.

మీ బాపు నోరు తెరిచాడు. "తాళంచెవి నీ కొంగుల ఎట్లున్నదే? గీ బండి ఇకమతులన్ని నీకెట్ల ఎర్క?"

ఇప్పుడు నీకూ చెప్పాలి బిడ్డా. ఫోన్లో అయితే సగంలోనే "అమ్మా!" అని కేకేస్తావు, కాగితం మీద నన్ను ఆపలేవు. నేను బండి నడుపుతున్నాను. పక్కింటి అంజలి టీచర్ పొలం బాటలో నేర్పింది. మొదట్లో నేనూ తాళం పెట్టడం మరిచి, బర్రె అడ్డం వస్తే బ్రేకు తొక్కి, బండి ఆగిపోయి బురదలో కూర్చున్నాను. లైసెన్సు కూడా వచ్చింది. ఫోటోలో ఎవరితోనో కొట్లాడి వచ్చినట్టున్నాను. ఊరంతటికీ తెలుసు, మీ బాపుకు తప్ప; ఆయన ఇంట్లో లేనప్పుడే బండి తీసేదాన్ని.

ఇన్నేళ్లూ నేను కుట్టిన జాకెట్లు సిరోంచలో ఇచ్చి రావడానికి సంచి పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాను. బస్సు రాకపోతే ఎవరినో బతిమాలి వెనక కూర్చున్నాను. ఇప్పుడు పని ఉంటే పోతాను, అయిపోతే వస్తాను. ఈ వయసులో ఇంత సంతోషం నాకు రాసి ఉందని అనుకోలేదురా. అందుకే అజయ్‌కుమార్ వస్తున్నాడని తెలిసి తాళంచెవి ముడి వేసుకున్నాను. పాపం, ఆ పిల్లవాడు కోప్పడలేదు. "చిన్నమ్మా, బండి కృష్ణకాంత్‌ది. ఆడు ఏమంటే అదే," అని చాయ్ తాగి వెళ్లాడు. అతను అన్నది న్యాయమే. బండి నీది. అందుకే దాన్ని నాకు ఉంచమని అడుగుతున్నాను.

మీ బాపు ఆ రోజంతా అలిగి బర్రె దగ్గరే కూర్చున్నాడు. ఈ పొద్దున మాత్రం బండి తుడిచి, ఉతికిన అంగీ వేసుకుని వచ్చి నిలబడ్డాడు. "సిరోంచల పనున్నది. జర మెల్లగ తోలుతవా?" అన్నాడు. బజారు నడుమ నుంచి పోతున్నా, అందరూ చూస్తున్నా, నా భుజం మీద చెయ్యి తియ్యలేదు.

ఇట్లు,
నీ జవాబు కోసం చూసే
అమ్మ