సిరిమాన్‌ను నేనే తీసుకొస్తాను

ఫ్రాన్సు, ఆఫ్రికా సిపాయిల ఆసుపత్రి, జనవరి 1917

సేగులో ఉన్న అమ్మకు, బతికే ఉన్నాను, బెంగపడకు.

మన పక్కింటి సిరిమాన్ కళ్లు యుద్ధంలో విషవాయువుకు పోయాయి. నిన్న పొద్దున ఇద్దరం ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఉంటే మంచు రాలింది.

"మొహం మీద ఏంట్రా పడుతోంది?" అన్నాడు.

"బూరుగు దూదిరా" అన్నాను.

"అబద్ధాలకోరా, దూది ఎక్కడన్నా కరుగుతుందా?" అని నవ్వాడు. "సర్లే, కాసేపు మన జోలిబా ఏటి ఒడ్డునే ఉన్నామనుకుందాం."

చాలాసేపు అలాగే ఉండిపోయాం. పడవవాళ్ల కేకలు కూడా వినిపించాయి నాకు.

నీ కోడలు తెనే నీళ్లాడిందా? సజ్జలు ఇంటికి చేరాయా? సిరిమాన్ సంగతి వాళ్లమ్మకు నువ్వే మెల్లగా చెప్పు. మమ్మల్ని వసంతంలో ఓడెక్కిస్తారట. వాణ్ణి చెయ్యి పట్టుకుని నేనే ఇంటికి తీసుకొస్తాను. నాకు మిగిలింది ఒక్క చెయ్యే, వాడికి అది చాలు.

పెద్దలందరికీ దండాలు.

నీ కొడుకు బకారి